విద్యుత్ బెంజికి అయిదు శాతం, చొక్కాకు పద్దెనిమిది

సెప్టెంబరు రెండో వారంలో నేను సూరత్‌లో ఉన్నాను. మన ఎగుమతుల మీద ట్రంప్ ప్రభుత్వం వేసిన 50 శాతం సుంకం ఆగస్టు 27న అమల్లోకి వచ్చింది. వజ్రాలు సానబట్టే కార్ఖానాల మీద దాని దెబ్బ ఎలా పడుతున్నదో చూడడం నా పని. వరాఛాలో, కతార్‌గామ్‌లో రెండు రోజులు తిరిగి, మూడో రోజు సాయంత్రం సొంత పని మీద లింబాయత్ వెళ్లాను. సూరత్ వెళ్లిన తెలుగు పాత్రికేయుడు లింబాయత్ చూడకుండా తిరిగి రాకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఉధనా, లింబాయత్, పర్వత్ గామ్ పరిసరాల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, మార్కండేయుడి గుడి కనిపిస్తుంది. సూరత్ నగర పాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివచ్చిన పద్మశాలీల మూడో తరం ఇప్పుడు అక్కడ పెరుగుతున్నది.

నేను కలిసిన పెద్దాయన సిరిసిల్ల నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చాడు. పేరు రాయవద్దన్నాడు, రాయను. ఒకప్పుడు సొంతంగా ఆరు మగ్గాలు ఉండేవి. ఇప్పుడు లేవు. మనవడు ఇంకో వీధిలో చీరల మీద రాళ్లు అతికించే పని చూస్తాడు. ఆ కుర్రవాడు చాయ్ తాగుతూ ఫోన్‌లో ఒక వీడియో చూస్తున్నాడు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో అదే వారం, సెప్టెంబరు 9 నుంచి 14 వరకూ జరుగుతున్న అంతర్జాతీయ మోటారు ప్రదర్శన వీడియో అది. మెర్సిడెస్ వారి కొత్త విద్యుత్ జీఎల్‌సీ కారు ముందుభాగం తెరనిండా వెలుగుతున్నది. గ్రిల్‌లో 942 వెలుగు చుక్కలట, అవి వరుసగా కదిలి ఆకారాలు కడతాయట. మనవడు అది తాతకు చూపించాడు. ఆయన కళ్లు చిన్నవి చేసుకుని చూసి, "జకార్డు మీద పువ్వు తీసినట్టే ఉన్నది గదా" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి అడిగాడు: "సారూ, బెంజి కార్లు అగ్గువైనయంటగా? టీవీల జెప్పిండ్రు."

ఆ ప్రశ్నకు నేను అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఢిల్లీ తిరిగి వచ్చాక లెక్కలు తీశాను. ఈ వ్యాసం ఆయనకు బాకీ పడిన జవాబు.

ముందుగా ఒక మాట. కార్ల మీద నాకు కోపం లేదు. మంచి యంత్రం మంచి యంత్రమే. మ్యూనిక్‌లో ఈసారి చూపిన వాటిని చూసి ముచ్చట పడని వాడు అరుదు. గత కొన్నేళ్లుగా కార్ల ముఖాల మీద నోరు తెరిచిన జలచరంలా పెరిగిపోయిన గ్రిల్‌ను బీఎండబ్ల్యూ తన కొత్త ఐఎక్స్3లో సన్నటి నిలువు గీతలకు కుదించింది. ఆడి తన కాన్సెప్ట్ సి అనే రెండు సీట్ల నమూనాలో దాదాపు అలంకారమంతా తుడిచేసింది. దాని నిలువు ముఖానికి 1936 నాటి ఆటో యూనియన్ టైప్ సి పందెం కారు ప్రేరణ అని కంపెనీయే చెప్పుకున్నది. 1936 జర్మనీలో పందెం కార్లకు డబ్బు ఏ ప్రభుత్వం ఇచ్చిందో కంపెనీ గుర్తు చేయలేదు. అది వేరే వ్యాసం. ప్రదర్శనను ప్రారంభించింది ఛాన్సలర్ మెర్జ్. జర్మనీలో కారు అంటే రాజకీయమే. మన దగ్గరా అంతే, కాకపోతే మనం దాన్ని ఆర్థిక పేజీలో వేసి రాజకీయం కాదన్నట్టు నటిస్తాం.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశం పన్నుల అంతస్తులను మార్చింది. సెప్టెంబరు 22 నుంచి, అంటే దేవీ నవరాత్రుల మొదటి రోజు నుంచి, కొత్త రేట్లు వచ్చాయి. పెద్ద ఎస్‌యూవీల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద 22 శాతం సెస్సు, వెరసి 50 శాతం ఉండేది. ఇప్పుడు సెస్సు ఎత్తేసి 40 శాతం చేశారు. పన్నుకు ముందు అరవై లక్షల ధర ఉన్న కారు మీద నిన్నటి వరకూ ముప్ఫై లక్షలు పన్ను. ఈనాడు ఇరవై నాలుగు లక్షలు. ఆరు లక్షలు తగ్గింది. అవును తాతా, బెంజి అగ్గువైంది. మెర్సిడెస్ భారతదేశంలో తన చరిత్రలోనే అత్యధిక సెప్టెంబరు అమ్మకాలు సాధించానని ప్రకటించుకున్నది.

అయితే ఇది కథలో చిన్న భాగం. ఈ 40 శాతం "పాపపు పన్ను" గురించి టీవీ చర్చల్లో గంటల తరబడి మాట్లాడారు. గుట్కాతో పాటు విలాసవంతమైన కారును కూడా ఆ శ్లాబులో పెట్టామని, ధనికుడి మీద పన్ను వేశామని అధికార పక్షం చెప్పుకున్నది. ఆ శ్లాబుకు ఒక దొడ్డిదారి ఉంది. కారు విద్యుత్తుతో నడిస్తే చాలు, దాని ధర ఎంతైనా జీఎస్టీ 5 శాతమే. పది లక్షల కారుకైనా అంతే, మూడు కోట్ల కారుకైనా అంతే. ఖరీదైన విద్యుత్ కార్లను పై శ్లాబుకు మార్చాలన్న ప్రతిపాదన ఈ సమావేశానికి ముందు వార్తల్లో నలిగింది. మండలి మాత్రం 5 శాతాన్ని ముట్టుకోలేదు.

ఉదాహరణ చూద్దాం. మెర్సిడెస్ ఈక్యూఎస్ ఎస్‌యూవీ 580 అనే విద్యుత్ కారును పూనా దగ్గర చకన్‌లో బిగిస్తారు. 2024 సెప్టెంబరులో అది 1.41 కోట్ల రూపాయల షోరూం ధరతో మార్కెట్లోకి వచ్చింది. అందులో 5 శాతం జీఎస్టీ అంటే ఆరు లక్షల డెబ్భై వేల చిల్లర. అదే కారుకు 40 శాతం వేస్తే యాభై మూడు లక్షల పైచిలుకు అవుతుంది. తేడా దాదాపు 47 లక్షలు. ఒక్క కారు మీద, ఒక్క కొనుగోలుదారుకు, ఈ దేశ ప్రజలు వదులుకుంటున్న మొత్తం అది. ఏ పథకం పేరూ దానికి లేదు, ఏ ముఖ్యమంత్రి ఫోటోనూ దాని మీద ఉండదు, "ఉచితాలు" అని దాన్ని ఎవరూ వెక్కిరించరు.

ఇదే సమావేశంలో ఇంకొక నిర్ణయం జరిగింది. కుట్టిన దుస్తుల మీద 2,500 రూపాయల వరకూ 5 శాతం, ఆ గీత దాటితే 18 శాతం. అంతకుముందు వెయ్యి దాటిన దుస్తులకు 12 శాతం ఉండేది. అంటే మధ్యతరగతికి కొంత మేలు జరిగిన మాట నిజం. కానీ పెళ్లికి కుట్టించుకున్న కుర్తా, హైదరాబాద్ చలికి కాకపోయినా ఢిల్లీ చలికి తప్పనిసరి అయిన కోటు 2,600 పలికితే దాని మీద 18 శాతం పన్ను. చీర వస్త్రం లెక్కలోకి వస్తుంది కనుక బతికిపోయింది. కోటు విలాసం, కోటిన్నర కారు అవసరం! ఈ పన్నుల పట్టికను ఒకే గదిలో, ఒకే రోజు, కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు అన్ని రాష్ట్రాల మంత్రులు కూర్చుని ఆమోదించారు. బట్టల విషయంలో ధరను బట్టి గీత గీయడం తెలిసిన వాళ్లకు కార్ల విషయంలో ఆ గీత గీయడం ఎందుకు రాలేదు?

దీనికి వచ్చే మొదటి సమాధానం పర్యావరణం. విద్యుత్ వాహనాలను ప్రోత్సహించాలి కదా అంటారు. తప్పకుండా ప్రోత్సహించాలి. సూరత్, ఢిల్లీ, హైదరాబాద్ గాలి పీల్చేవాడెవడూ కాదనడు. అయితే ప్రభుత్వం స్వయంగా ఏం చేసిందో చూడండి. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్ల రూపాయలది. అందులో విద్యుత్ స్కూటర్లకు, ఆటోలకు, బస్సులకు, లారీలకు, అంబులెన్సులకు సాయం ఉంది. సొంత కార్లకు లేదు. దాని కంటే ముందున్న ఫేమ్ రెండో దశలో నాలుగు చక్రాల వాహనాలకు సాయం ఇచ్చినప్పుడు కూడా అవి వాణిజ్య వాహనాలై ఉండాలి, ఫ్యాక్టరీ ధర 15 లక్షలు దాటకూడదు అని షరతు పెట్టారు. అంటే ధనికుడి విద్యుత్ కారుకు ప్రజాధనం అక్కర్లేదని కేంద్రానికి తెలుసు. ముందు తలుపు మూసి, జీఎస్టీ అనే వెనుక తలుపు తెరిచి ఉంచింది. ముందు తలుపు దగ్గర ఆటోవాలా వేలల్లో సాయానికి కాగితాలు పట్టుకుని నిలబడతాడు. వెనుక తలుపు దగ్గర కాగితాలే అడగరు.

రెండో సమాధానం సంఖ్యలది. ఖరీదైన కార్లు దేశంలో అమ్ముడయ్యే మొత్తం కార్లలో ఒక శాతం చుట్టుపక్కలే, వాటి వల్ల ఖజానాకు ఏమవుతుంది అంటారు. 2024లో మెర్సిడెస్ 19,565 కార్లు, బీఎండబ్ల్యూ బృందం 15,721, ఆడి 5,816 అమ్మాయి. మూడు జర్మన్ సంస్థలు కలిపి 41,102. గంటకు దాదాపు అయిదు కార్లు. అందులో విద్యుత్తువి ఒక భాగమే. ఖజానా మునిగిపోదన్నది ఒప్పుకుంటాను. కానీ ఈ వాదన చేనేత కార్మికుడికి, మరమగ్గం కార్మికుడికి ఎన్నడూ వర్తించకపోవడమే నా అభ్యంతరం. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతి రూపాయికీ "ఆర్థిక క్రమశిక్షణ" గుర్తుకు వస్తుంది.

జీఎస్టీ మండలి చరిత్రనే తీసుకోండి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెద్ద కార్ల మీద మొత్తం పన్ను పాత విధానం కంటే తగ్గిపోయింది. పొరపాటు జరిగిందని గ్రహించిన మండలి రెండున్నర నెలలు తిరగకముందే, 2017 సెప్టెంబరు 9న హైదరాబాద్‌లో జరిగిన 21వ సమావేశంలో, సెస్సు పెంచి సరిదిద్దింది. మెచ్చుకోవలసిన పని. అదే 2017 జులైలో సూరత్ వీధుల్లో వస్త్ర వ్యాపారులు వారాల తరబడి దుకాణాలు మూసి ఊరేగింపులు తీశారు. వాళ్ల బాధ ఏమిటంటే, పాలిస్టర్ నూలు మీద పన్ను ఎక్కువ, నేసిన గుడ్డ మీద తక్కువ. నూలుకు మొదట 18 శాతం, ఆ అక్టోబరు నుంచి 12 శాతం. గుడ్డకు 5 శాతం. మగ్గం వాడు నూలు కొన్నప్పుడు కట్టిన పన్ను గుడ్డ అమ్మినప్పుడు తిరిగి రాదు. మిగిలిపోయిన ఆ సొమ్మును వాపసు ఇవ్వడానికి కూడా ప్రభుత్వం 2018 ఆగస్టు వరకూ ఒప్పుకోలేదు. వాపసు మొదలైనా అర్జీ పెట్టడం, అకౌంటెంటును పెట్టుకోవడం, నెలల తరబడి ఎదురుచూడడం ఆరు మగ్గాల ఆసామి వల్ల అయ్యే పనులు కావు. నూరు మగ్గాలున్నవాడు తట్టుకున్నాడు. సూరత్‌లో ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది పాత మగ్గాలు తూకానికి అమ్ముడుపోయాయి. లింబాయత్ పెద్దాయన ఆరు మగ్గాలూ అలాగే పోయాయి. "ఇనుము రేటుకే ఇచ్చిన" అన్నాడు, అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

నూలుకూ గుడ్డకూ మధ్య ఉన్న ఈ వంకరను ఎప్పుడు సరిచేశారు? మొన్న సెప్టెంబరు 22న. నూలు, దారపు పోగు అన్నీ 5 శాతానికి వచ్చాయి. సరిచేసినందుకు మండలికి మార్కులు వేయవలసిందే, వేస్తున్నాను. కారు పొరపాటుకు రెండున్నర నెలలు, మగ్గం పొరపాటుకు ఎనిమిదేళ్లు. మధ్యలో 2022 జనవరి 1 నుంచి గుడ్డ మీదే 12 శాతం వేసి వంకర తీర్చేద్దామని ఒక తెలివైన ఆలోచన కూడా వచ్చింది. సూరత్ మళ్లీ గగ్గోలు పెడితే 2021 డిసెంబరు 31న, అమలుకు ఒక్క రోజు ముందు, దాన్ని ఆపారు. పాత మగ్గాల స్థానంలో కొత్తవి కొనుక్కోవడానికి కేంద్రం ఇచ్చే సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకం 2022 మార్చి 31తో ముగిసింది. దాని స్థానంలో వస్తుందన్న పథకం కోసం మరమగ్గాల ఆసాములు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

బీజేపీ మీద విరుచుకుపడడానికి ఈ వ్యాసం రాస్తున్నానని మురిసిపోతున్న కాంగ్రెస్ మిత్రులు కాస్త ఆగాలి. తెలంగాణలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం 2024 నవంబరులో జీవో 41 ఇచ్చింది. 2026 డిసెంబరు 31 వరకూ విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా రద్దు. స్కూటర్లకు, ఆటోలకు, బస్సులకు ఇస్తే నేనే మొదట చప్పట్లు కొట్టేవాణ్ణి. కార్లకూ ఇచ్చారు. ధర పరిమితి పెట్టలేదు. తెలంగాణలో ఇరవై లక్షలు దాటిన కారుకు 2022 నాటి రేట్ల ప్రకారమే 18 శాతం జీవితకాల పన్ను ఉండేది. 1.41 కోట్ల ఈక్యూఎస్ మీద అది పాతిక లక్షల పైమాటే. జూబ్లీహిల్స్‌లో ఆ కారు కొనేవారికి కేంద్రం 47 లక్షలు, రాష్ట్రం పాతిక లక్షలు, మొత్తం డెబ్భై లక్షలకు పైగా వదిలేసినట్టు. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య ఇంతటి సహకార సమాఖ్య స్ఫూర్తి మరే విషయంలోనూ నాకు కనిపించలేదు. గుజరాత్ ప్రభుత్వం కూడా 2025లో విద్యుత్ వాహనాల పన్నును 6 నుంచి 1 శాతానికి దించింది.

ఈ రద్దును ప్రకటించిన రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ పాత కరీంనగర్ జిల్లావారే. సిరిసిల్ల గురించి ఆయనకు నేను చెప్పవలసిన అవసరం లేదు. 2024లో బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆగిపోయి, పాత బిల్లులు రాక, సిరిసిల్ల మగ్గాలు మూగబోయి, నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చినప్పుడు ప్రభుత్వం చెప్పిన మొదటి కారణం నిధుల కొరత, గత ప్రభుత్వం పెట్టిపోయిన బకాయిలు. తరువాత మహిళా సంఘాల చీరల పేరుతో మళ్లీ ఆర్డర్లు ఇచ్చారు, మంచిదే. కానీ బకాయిల కోసం నేతగాడు నెలల తరబడి ధర్నా చేయాలి. కోటీశ్వరుడికి పాతిక లక్షలు అడగకుండానే, ఒక్క జీవోతో.

బీఆర్ఎస్ వారూ ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదటి ఏడాది ఏం జరిగిందో గుర్తుంది కదా. సిరిసిల్ల నేతన్నల కోసమని ప్రకటించిన పథకంలో, గడువులోగా అక్కడ అన్ని చీరలు నేయలేరని చెప్పి, పెద్ద భాగం సూరత్ నుంచి టెండర్ల ద్వారా కొన్నారు. నాణ్యత లేదని ఊళ్లలో ఆడవాళ్లు ఆ చీరలను తగలబెట్టిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. సిరిసిల్లలో పని లేక సూరత్ వెళ్లిన సిరిసిల్ల వాళ్ల చేతుల మీదుగా వచ్చిన చీరలు కూడా వాటిలో ఉండే ఉంటాయి. ఈ వలస ఎంత పొడుగు దారో చెప్పడానికి ఆ మంట ఒక్కటి చాలు.

ఇక సూరత్ కథ. ఈ నగరంలో బెంజి కారు కేవలం వాహనం కాదు, బిరుదు. 2018లో వజ్రాల వ్యాపారి సవ్జీ ఢోలకియా తన సంస్థలో పాతికేళ్లు పనిచేసిన ముగ్గురు ఉద్యోగులకు ఒక్కొక్కరికి మెర్సిడెస్ జీఎల్ఎస్ కారు బహుమతిగా ఇచ్చారు. దీపావళికి వందల కార్లు, ఫ్లాట్లు ఇచ్చిన ఆయన పేరు దేశమంతా తెలుసు. ఆయన ఔదార్యాన్ని శంకించను. బహుమతి అందుకున్న వాళ్ల ఆనందాన్ని చులకన చేయను. నాకు చిక్కల్లా మన పత్రికల వైఖరితోనే. ఆ మూడు కార్ల ఫోటోలు వేయని పత్రిక లేదు. ఆరేళ్ల తరువాత, 2024 జులైలో, గుజరాత్ వజ్ర కార్మికుల యూనియన్ ఆత్మహత్యల నివారణకు ఒక హెల్ప్‌లైన్ పెట్టింది. అంతకుముందు పదహారు నెలల్లో అరవై మందికి పైగా సానబట్టే కార్మికులు ప్రాణాలు తీసుకున్నారని చెప్పింది. అది ఎన్ని మొదటి పేజీల్లో వచ్చింది? రష్యా వజ్రాల మీద ఆంక్షలు, ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాల వల్ల పడిపోయిన ధరలు, చైనాలో గిరాకీ తగ్గడం, ఇప్పుడు అమెరికా సుంకం, కారణాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఈ లోగా 2023 డిసెంబరు 17న ప్రధాని ఖజోద్‌లో సూరత్ డైమండ్ బోర్స్ ప్రారంభించారు. 67 లక్షల చదరపు అడుగులు, పెంటగాన్ కంటే పెద్ద కార్యాలయ భవనం అని చెప్పారు. కట్టడం మనకు వచ్చు. అందులో చాలా కార్యాలయాలు తెరుచుకోవడమే ఆలస్యమైంది.

2025 మే నెలలో గుజరాత్ ప్రభుత్వం ఎట్టకేలకు వజ్ర కార్మికులకు ఒక సహాయ ప్యాకేజీ ప్రకటించింది. పని పోయిన కార్మికుడి పిల్లల బడి ఫీజుకు ఏడాదికి 13,500 రూపాయల వరకూ ఇస్తుంది. వరాఛాలో దాని కోసం దరఖాస్తు పెట్టిన ఒక తండ్రి ఇబ్బంది నాతో చెప్పుకున్నాడు. పని పోయిందని రుజువు చూపాలి, కానీ పని చేస్తున్నట్టు ఇన్నాళ్లూ ఎవరూ కాగితం ఇవ్వలేదు. జీతం చీటీ లేదు, భవిష్య నిధి లేదు. లేని ఉద్యోగం పోయిందని ఎలా నిరూపించాలి? విద్యుత్ బెంజి కొనేవాడు తన ధనాన్ని గానీ పేదరికాన్ని గానీ ఎక్కడా నిరూపించనక్కర్లేదు. కంపెనీ పేరు మీద కొంటే, తరుగుదల కింద కారు విలువలో ఏటా కొంత భాగాన్ని లాభంలోంచి తీసేసుకోవచ్చు, అప్పు మీద వడ్డీ కూడా ఖర్చే.

జర్మనీలో మాత్రం అంతా పచ్చగా ఉందని కాదు. ఆ మెరిసే గ్రిల్‌ల వెనుక అక్కడి పరిశ్రమ కూడా వణుకుతున్నది. ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకోవడానికి 2024 డిసెంబరులో కార్మికుల సంఘంతో ఒప్పందం చేసుకున్నది. ఆడి 2029 నాటికి 7,500 వరకూ తగ్గిస్తానన్నది. గమనించవలసింది "ఒప్పందం" అన్న మాట. ఐజీ మెటల్ సంఘం హెచ్చరిక సమ్మెలు చేసి, బేరమాడి, బలవంతపు తొలగింపులు 2030 వరకూ ఉండవన్న హామీ రాయించుకున్నది. వోల్ఫ్స్‌బర్గ్ కార్మికుడి ఉద్యోగం పోయే తీరులో కూడా ఒక పద్ధతి ఉంది. వరాఛా కార్మికుడికి దీపావళి సెలవులు పొడిగించి, మళ్లీ రావద్దని ఫోన్‌లో చెబుతారు. జర్మనీ నుంచి కారు దిగుమతి చేసుకోవడానికి ఇంత ఉత్సాహం చూపే మనం దాన్ని తయారుచేసే వాడి సంఘాన్ని ఎన్నడూ దిగుమతి చేసుకోలేదు.

దిగుమతి అన్నాను కనుక అది కూడా చూద్దాం. మ్యూనిక్ ప్రదర్శన జరిగిన వారంలోనే, సెప్టెంబరు 8 నుంచి 12 వరకూ, ఢిల్లీలో భారత్-ఐరోపా సమాఖ్య స్వేచ్ఛా వాణిజ్య చర్చల 13వ విడత జరిగింది. ఐరోపా మొదటి నుంచీ అడుగుతూ వచ్చింది కార్ల మీద మనం వేసే 100 శాతం పైబడిన దిగుమతి సుంకాన్ని తగ్గించమని. బ్రిటన్‌తో జులై 24న సంతకం చేసిన ఒప్పందంలో ఒక కోటా మేరకు దాన్ని క్రమంగా 10 శాతానికి దించడానికి మనం ఇప్పటికే ఒప్పుకున్నాం. కాబట్టి జర్మన్లకు ఎందుకు ఇవ్వరన్నది అప్పటి వాళ్ల వాదన. బదులుగా మన వస్త్రాలకు ఐరోపాలో సుంకం పోతుందని, సూరత్ బాగుపడుతుందని మన మంత్రులు అన్నారు. ఐరోపాకు బట్టలు కుట్టి పంపేది ప్రధానంగా తిరుప్పూర్, బెంగళూరు, నోయిడా. వాటికి మేలు జరగవచ్చు, బంగ్లాదేశ్‌తో పోటీలో అది అవసరం కూడా. కానీ లింబాయత్ మగ్గం మీద నేసేది ఆంధ్రలో, బిహార్‌లో, బెంగాల్‌లో కట్టుకునే పాలిస్టర్ చీర. బెర్లిన్‌లో దాన్ని ఎవరు కడతారు? కారుకు ఇచ్చే రాయితీకి మగ్గాన్ని సాక్షిగా నిలబెట్టే ముందు ఆ మగ్గం మీద ఏం నేస్తున్నారో కనుక్కుంటే బాగుండును.

ఇవన్నీ అడగవలసిన చోటు పార్లమెంటు. సూరత్ నుంచి ఎవరు అడగాలి? 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నీలేష్ కుంభాణీ నామినేషన్ తిరస్కరణకు గురై, మిగతావాళ్లు ఉపసంహరించుకుని, బీజేపీ అభ్యర్థి ముకేష్ దలాల్ పోటీ లేకుండా గెలిచారు. వరాఛా, కతార్‌గామ్ వజ్ర కార్మికులకు ఆ ఎన్నికలో ఓటు వేసే అవకాశమే రాలేదు. లింబాయత్, ఉధనా నవసారి స్థానం కిందికి వస్తాయి కనుక మన తెలుగు వాళ్లు ఓటు వేశారు. అక్కడ కేంద్ర మంత్రి సి.ఆర్. పాటిల్ ఏడు లక్షల డెబ్భై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2017లో జీఎస్టీ మీద అంత ఆగ్రహించిన సూరత్ జిల్లా, ఆ డిసెంబరులోనే 16 శాసనసభ స్థానాల్లో 15 బీజేపీకి ఇచ్చింది. 2022లో పదహారూ ఇచ్చింది. ఓటరును తప్పు పట్టే అలవాటు నాకు లేదు. ఎదుటి పక్షం నామినేషన్ కాగితం మీద సంతకాలు కూడా నిలబెట్టుకోలేని చోట ఓటరు మాత్రం ఏం చేస్తాడు? అయితే ఓడిపోతామన్న భయం లేని చోట పన్నుల పట్టిక ఇలాగే ఉంటుందన్నది మాత్రం చెప్పక తప్పదు.

నేను కోరేది విప్లవం కాదు. ఫేమ్ పథకంలో ఉన్న ఆ ధర పరిమితిని తీసుకువచ్చి జీఎస్టీలో పెట్టండి. పదిహేను లక్షలు తక్కువనుకుంటే ఇరవై అయిదు పెట్టండి. దాటిన విద్యుత్ కారుకు పెట్రోలు కారుతో సమానంగా కాకపోయినా పద్దెనిమిది శాతమైనా వేయండి, చొక్కాకు వేసినంత. తెలంగాణ జీవోలోనూ అదే పరిమితి పెట్టవచ్చు. ఒక సవరణ ఉత్తర్వు చాలు, శాసనసభకు కూడా వెళ్లనక్కర్లేదు. అలా వచ్చిన సొమ్ము ఎంతో లెక్క బయటపెట్టి, ఆగిపోయిన మగ్గాల ఉన్నతీకరణ పథకానికి మళ్లించండి.

డిసెంబరులో పార్లమెంటు శీతాకాల సమావేశాలు ఉన్నాయి. గత మూడేళ్లలో పాతిక లక్షలు దాటిన విద్యుత్ కార్లు దేశంలో ఎన్ని అమ్ముడయ్యాయి, వాటి మీద వదులుకున్న జీఎస్టీ ఎంత, అదే కాలంలో మరమగ్గాల కోసం కేంద్రం ఖర్చుపెట్టింది ఎంత అన్న మూడు ప్రశ్నలను రాసి మూడు పార్టీల తెలుగు ఎంపీలకు పంపాను. ఇద్దరు అందిందన్నారు. ఎవరైనా సభలో అడిగితే సమాధానాన్ని ఇక్కడే ప్రచురిస్తాను. దాని ప్రతి ఒకటి తెలుగులో రాసి లింబాయత్‌కు కూడా పంపాలి, పెద్దాయన మళ్లీ ఫోన్ చేసి అడిగాడు.